చీకటి పడుతోంది, నన్ను ఇంట్లో దింపు

దీపాలు పెట్టే వేళకు అమ్మ బయల్దేరేది. చేతిసంచిలో రెండు జాకెట్లు, ఒక దువ్వెన. గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటూ, ‘‘చీకటి పడుతోంది నాయనా, నన్ను మా ఇంట్లో దింపు. నాన్న ఎదురుచూస్తుంటాడు’’ అనేది. ముప్ఫై ఏళ్లుగా ఆమె ఉంటున్న ఇల్లు అదే. తాతయ్య పోయి అప్పటికి నలభై ఏళ్లు. మొదటి వారం నచ్చజెప్పాను. తర్వాత గదమాయించాను. ఒకరోజు ‘‘తాతయ్య ఎప్పుడో పోయాడమ్మా’’ అని అరిచాను. అమ్మ గోడకు జారబడి ఏడ్చింది, ఆ కబురు అప్పుడే విన్నట్టు. మర్నాడు మళ్లీ చేతిసంచి.

అమ్మకు వచ్చిన డిమెన్షియా అంటే మతిమరుపే అనుకుంటాం. ఇంటిల్లిపాదినీ నలిపేసేది మాత్రం అనుమానం, కోపం, రాత్రంతా తిరుగుడు, స్నానమంటే పెనుగులాట, లేని మనుషులు కనబడటం. వీటిని చాదస్తమనీ, మొండితనమనీ, గాలి సోకిందనీ అంటుంటాం. అవి జబ్బులో భాగమే. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో డాక్టర్ అల్జీమర్ పరీక్షించిన 51 ఏళ్ల అగస్టె డేటర్‌లో మొదట బయటపడిన లక్షణం భర్త మీద అనుమానమే. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా. వీళ్లలో అత్యధికుల ఆలనాపాలనా ఇంట్లోనే, చాలావరకు భార్యో కూతురో కోడలో చూసుకుంటున్నదే.

కోడలి సంగతి వేరే చెప్పాలి. ‘‘నా గొలుసు నీ పెళ్లామే తీసింది’’ అని అమ్మ చుట్టాల ముందు అంది. దొంగల భయంతో తనే బియ్యం డబ్బాలో దాచింది. దాచిన సంగతి మరిచిపోయింది. గొలుసు లేదన్నది మాత్రం కళ్లెదుటి నిజం. ఆ ఖాళీని పూడ్చుకోవడానికి మెదడుకు దొరికిన మనిషి, రోజూ దగ్గరుండి అన్నం పెట్టే కోడలు. ఇక్కడ వాదన పనికిరాదు. ‘‘అయ్యో, కనబడలేదా? పదండి అత్తయ్యా, ఇద్దరం వెతుకుదాం’’ అంటే సగం వేడి తగ్గుతుంది. దిండు గలీబు, బియ్యం డబ్బా, పాత చీరల మడతలు ముందు చూడాలి. అంతకన్నా ముఖ్యం, మిగతావాళ్లు ఆ కోడలి పక్కన నిలబడి ‘నువ్వు తీయలేదని మాకు తెలుసు’ అని నలుగురూ వినేలా చెప్పాలి. నేను ఆ రోజు చెప్పలేదు. ఆ బాధ నాకింకా ఉంది.

ఇలాంటి ప్రవర్తనను ఎదుర్కోవడానికి అమెరికాలో హెలెన్ కేల్స్, లారా గిట్లిన్, లికెట్సోస్ అనే నిపుణులు ‘డైస్’ అనే పద్ధతిని రూపొందించారు. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పుకోవడం, కారణం వెతకడం, ఉపాయం ఆలోచించడం, అది పనిచేసిందో లేదో చూసుకోవడం. ‘అమ్మ కొడుతోంది’ అంటే ఏమీ తెలియదు. ‘పొద్దున్నే స్నానాలగదిలో, తల మీద చెంబుతో నీళ్లు పోయగానే చేయి విసిరింది’ అంటే దారి కనబడుతుంది. నీళ్లు చల్లగా ఉన్నాయా? మోకాళ్ల నొప్పా? పరాయి మనిషి ముందు బట్టలు విప్పాల్సి వచ్చిందన్న సిగ్గా? ఒంటిమీద తువ్వాలు కప్పి, కుర్చీ వేసి, పాదాల నుంచి మొదలుపెట్టి గోరువెచ్చటి నీళ్లు పోస్తే చాలాసార్లు పెనుగులాట తగ్గుతుంది. ఒళ్లు తడిగుడ్డతో తుడిచి ఆ పూటకు సరిపెట్టుకున్నా నష్టం లేదు.

మార్పు ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా వస్తే మాత్రం జబ్బు ముదిరిందని ఊరుకోకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, చెప్పుకోలేని పంటినొప్పి, కొత్తగా మొదలెట్టిన మాత్ర, జలుబు మందు కూడా మనిషిని తారుమారు చేస్తాయి. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

మరి మందులు? మనిషి ప్రమాదంలో పడ్డప్పుడు, లేదా భ్రమలతో అల్లాడిపోతున్నప్పుడు అవసరమే. కానీ కుదురుగా కూర్చోబెట్టడానికని వాడే మందు కాదది. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో యాంటీసైకోటిక్ మందులు మరణం ముప్పు పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. ల్యూయీ బాడీ రకం డిమెన్షియాలో వీటివల్ల ఒళ్లు బిగుసుకుపోవచ్చు. ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఎప్పుడు తగ్గిస్తారు అని డాక్టర్ని అడగండి. సొంతంగా మొదలెట్టొద్దు, సొంతంగా ఆపొద్దు.

ఇక ఇంటివాళ్లకు అందాల్సిన సాయం. గోవాలో డిమెన్షియా బాధితులున్న 81 కుటుంబాలతో ఒక ప్రయోగం చేశారు. ఫలితాలు 2008లో వచ్చాయి. శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి జబ్బు గురించి వివరించారు, ఇంటివాళ్ల గోడు విన్నారు. సంరక్షకుల మానసిక బాధ తగ్గింది. ఈ పని మన ఆశా కార్యకర్తలకు నేర్పించలేమా? అప్పటిదాకా మనసు కుంగినవాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు.

అమ్మ విషయంలో కారణం చాలా ఆలస్యంగా తట్టింది. అయిదున్నరకు గదిలో వెలుతురు పడిపోయేది, టీవీ మోగేది, పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చేవారు. అయిదుకే లైట్లు వేసి, టీవీ ఆపి, చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లో పెట్టేవాళ్లం. ఈనెలు తీస్తూ కూర్చునేది. కొన్ని సాయంత్రాలు అయినా సంచి పట్టుకునేది. నేనూ వెంట నడుస్తూ ‘‘మీ ఇల్లు ఎలా ఉంటుందమ్మా?’’ అని అడిగితే వేపచెట్టు, గేదె, నూతి గట్టు అన్నీ చెప్పేది. చెబుతుండగానే వీధి చుట్టి మా గేటు దగ్గరికే వచ్చేవాళ్లం. తనే గడియ తీసేది.