మ్యూకర్‌మైకోసిస్ చికిత్సలో ప్రతిరక్షకాలు, శిలీంధ్రనాశక ఔషధాల సంయోగం

ప్రస్తావన

కోవిడ్ రెండవ ఉద్ధృతి కాలంలో, 2021 మే నెలలో, తెలంగాణ ప్రభుత్వం మ్యూకర్‌మైకోసిస్‌ను అంటువ్యాధుల చట్టం కింద తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించింది. ‘బ్లాక్ ఫంగస్’గా ప్రచారం పొందిన ఈ వ్యాధికి ప్రధాన ఔషధమైన ఆంఫోటెరిసిన్-బి ఆనాడు దేశమంతటా కొరవడింది. అది లభించిన రోగులలో సైతం అనేకులకు దవడనో, కంటినో తొలగించవలసి వచ్చింది. ఔషధం ఉన్నప్పటికీ వ్యాధి ఎందుకు లొంగదన్న ప్రశ్నే ప్రతిరక్షకాల (యాంటీబాడీల) వైపు పరిశోధకుల దృష్టిని మళ్లించింది.

ఔషధాల పరిమితి

ఆంఫోటెరిసిన్-బి శిలీంధ్ర కణత్వచంలోని ఎర్గోస్టెరాల్‌ను పట్టుకొని ఆ త్వచాన్ని దెబ్బతీస్తుంది. మానవ కణాలలోని కొలెస్టరాల్ నిర్మాణంలో దానికి దగ్గరిది కావడం వల్ల మూత్రపిండాలకు హాని కలుగుతుంది. లైపోసోమల్ రూపం ఈ హానిని తగ్గిస్తుంది గాని పూర్తిగా తొలగించదు. ఫ్లూకొనజోల్, వొరికొనజోల్ ఈ బూజులపై పనిచేయవు. అన్నింటికంటే ముఖ్యంగా, ఈ బూజు రక్తనాళాలలోకి చొచ్చుకొనిపోయి వాటిని మూసివేస్తుంది. రక్తం అందక మృతమైన కణజాలానికి ఔషధమూ చేరదు.

ప్రతిరక్షకాల పాత్ర

ఈ వ్యాధికి అత్యధికంగా కారణమయ్యే రైజోపస్, తన ఉపరితలంపై గల కాట్‌హెచ్-3 ప్రోటీన్ ద్వారా రక్తనాళపు లోపొరలోని జీఆర్‌పీ-78 గ్రాహకాన్ని పట్టుకొంటుంది. రక్తంలో గ్లూకోజు, ఇనుము, కీటోన్లు పెరిగినప్పుడు ఈ గ్రాహకం అధికమవుతుంది. మధుమేహ రోగులు ఎక్కువగా ఈ వ్యాధి బారిన పడడానికి ఇది ఒక కారణం. కాట్‌హెచ్-3కు వ్యతిరేకంగా రూపొందించిన ప్రతిరక్షకాలు ఆ బంధాన్ని అడ్డుకోవడమే గాక, న్యూట్రోఫిల్ కణాలు శిలీంధ్రాన్ని మింగి చంపడానికి తోడ్పడుతాయని 2019లో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో వెలువడిన అధ్యయనం ఎలుకలలో నిరూపించింది. కీటోఅసిడోసిస్ గల ఎలుకలలో ఏకకోశజనిత (మోనోక్లోనల్) ప్రతిరక్షకాలు శిలీంధ్రనాశక ఔషధాలతో కలిసి సహక్రియను కనబరిచాయి. ఔషధం శిలీంధ్రాన్ని చంపుతుంది. ప్రతిరక్షకం దాని దారిని మూసివేస్తుంది. ఇవి రెండూ వేరువేరు పనులు కావడమే ఈ సంయోగానికి ఆధారం.

మైకోగ్రాబ్ నేర్పిన పాఠం

ఇటువంటి సంయోగాన్ని రోగులపై పరీక్షించిన ప్రసిద్ధ ఉదాహరణ బూజుకు కాక, ఈస్ట్ వర్గపు కాండిడాకు సంబంధించినది. హెచ్‌ఎస్‌పీ-90 ప్రోటీన్‌ను లక్ష్యంగా చేసుకొన్న ‘మైకోగ్రాబ్’ అనే ప్రతిరక్షక ఖండాన్ని లిపిడ్ రూప ఆంఫోటెరిసిన్-బితో కలిపి ఇచ్చినప్పుడు 84 శాతం మంది, ఆ ఔషధాన్ని మాత్రమే ఇచ్చినప్పుడు 48 శాతం మంది పూర్తిగా స్పందించినట్లు 2006లో నివేదించారు. అయినను, ఉత్పత్తి నాణ్యత, భద్రతలపై సందేహాలతో ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతిని సిఫారసు చేయలేదు. పరీక్షనాళికలో కనిపించిన ఔషధ బలవృద్ధి, సంబంధం లేని ఇతర ప్రోటీన్లతోనూ కలుగుతున్నదని 2012లో తేలింది.

ముగింపు

కాబట్టి ఔషధం మాత్రమే ఇచ్చిన వర్గంతో పోల్చి సహక్రియను నిర్ధారించడం చాలదు. లక్ష్యంతో సంబంధం లేని ప్రతిరక్షకాన్ని అదే ఔషధంతో కలిపి ఇచ్చిన నియంత్రణ వర్గం కూడా తప్పనిసరి. ఎలుకలలో లభించిన ఫలితం రోగి శయ్య వరకు చేరడానికి ఈ ప్రమాణమే తొలి మెట్టు.