చెమట పట్టడం కాదు, ఆరడం ముఖ్యం

రామగుండంలో 42 డిగ్రీల పొడి ఎండ, మచిలీపట్నంలో 36 డిగ్రీల ఉక్కపోత. ఏది ఎక్కువ ప్రమాదం? థర్మామీటరు ఒక్కటే చూస్తే రామగుండమే అంటాం. మన శరీరం లెక్క మాత్రం వేరు.

ఊరికే కూర్చున్నా శరీరం దాదాపు 100 వాట్ల బల్బు అంత వేడిని పుట్టిస్తుంది. బరువు పనిలో అది నాలుగైదు రెట్లవుతుంది. చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. చుట్టూ ఉన్న గాలి అంతకంటే వేడెక్కితే, ఆ వేడి కూడా ఒంట్లోకే చేరుతుంది. ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే. లీటరు చెమట ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. కూర్చున్న మనిషి ఒంట్లో పుట్టే వేడి వరకైతే, గంటకు 150 మిల్లీలీటర్లు ఆవిరైతే చాలు. కానీ ధారగా కారి నేల మీద పడిన చెమట వల్ల ఈ మేలు జరగదు. ఒంటి మీద ఆరినదే చల్లబరుస్తుంది.

గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. దీన్ని కొలిచే పద్ధతి తేలికే. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే కనిపించేది 'తడి బల్బు ఉష్ణోగ్రత'. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే అది సుమారు 24 డిగ్రీలు. 36 డిగ్రీల్లో తేమ 70 శాతం ఉంటే సుమారు 31 డిగ్రీలు! తడి బల్బు 35 డిగ్రీలను మనిషి తట్టుకోగల గరిష్ఠ హద్దుగా శాస్త్రవేత్తలు చాలాకాలం భావించారు. అయితే 2022లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ ప్రయోగాల్లో, తేమ గాలిలో సుమారు 31 డిగ్రీల దగ్గరే ఆరోగ్యవంతులైన యువత శరీర ఉష్ణోగ్రత అదుపు తప్పడం మొదలైంది. వృద్ధులకు, గుండె జబ్బులున్నవారికి హద్దు ఇంకా తక్కువే.

2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. అందుకే ఉష్ణోగ్రతతో పాటు తేమ శాతాన్నీ చూసుకుని జాగ్రత్తపడాలి.

ఏం చేయాలి?

• పొడి ఎండల్లో ఎయిర్ కూలర్ బాగా పనిచేస్తుంది. ఉక్కపోతలో తలుపులు మూసి కూలర్ వేస్తే గదిలో తేమే పెరుగుతుంది. కిటికీలు తెరిచి ఉంచాలి.

• గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒక్కటే చాలదు. ఒళ్లు తడి చేసుకుని ఫ్యాను కింద కూర్చోవాలి.

• దాహం వేయకముందే నీళ్లు తాగాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ మంచివి. బీపీ, కిడ్నీ జబ్బులున్నవారు ఉప్పు విషయంలో డాక్టరు మాట వినాలి.

• పొలం పనులు, కూలి పనులు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు ఆపడం మేలు.

ఎండలో ఉన్న మనిషి తడబడుతూ మాట్లాడినా, స్పృహ తప్పినా వడదెబ్బగా అనుమానించాలి. చెమట పడుతోంది కదా అని ఊరుకోకూడదు. 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరాలి. స్పృహలో లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు.