తోడివారికై ప్రాణమిచ్చిన సెఫనాయా



ఏటేట జూన్ నెల 23వ తేదిని మన యిండ్లలో తలంచుకొనదగిన పేరొకటి కలదు. అది కార్పొరల్ సెఫనాయా సుకనైవాలు పేరు. అతడు మన జాతివాడు కాడు. మన భాష మాటలాడినవాడును కాడు. అయినను మన బిడ్డలను పెంచుచున్న యీ ఫిజీ నేలయే యతనిని గన్నది.

1918వ సంవత్సరము జనవరి 1వ తేదిని యదాత యను చిన్న దీవిలో నతడు పుట్టెను. రెండవ ప్రపంచ యుద్ధమున ఫిజీ సైన్యపు మూడవ పటాలములో చేరి, జపానువారితో పోరుటకై బూగన్‌విల్ దీవికి పోయెను. 1944 జూన్ 23న అచ్చటి మావరక యను చోట పొంచియున్న శత్రువులు వారి దళముపై గుండ్లు కురిపించిరి. ముందు నడచినవారు గాయపడి నేలగూలిరి. వెనుకనున్న సెఫనాయా ప్రాకుచు ముందునకు పోయెను. ఇద్దఱు క్షతగాత్రులు వెనుకకు చేరిరి. మూడవవానికై అతడొంటరిగా మరల పోయెను. తిరిగి వచ్చుచుండగా తొడలకు గుండ్లు తగిలి, కదలలేక పడిపోయెను.

అతనిని తెచ్చుటకు తోడివారు పలుమారులు ప్రయత్నించిరి. ప్రతిసారియు మఱికొందఱు గాయపడుచుండిరి. నాకొఱకు రావలదని యతడు కేక వేసెను. నిన్ను ప్రాణముతో శత్రువుల చేతికి విడువమని వారు బదులు పలికిరి. తాను బ్రదికియున్నంతవఱకు వారు కదలరని యతడు గ్రహించెను. వారి స్నేహమే వారికి మృత్యువగునని తెలిసికొని, శత్రువుల మరతుపాకి యెదుట తన దేహమును పైకెత్తి గుండ్లకు బలియయ్యెను. అప్పటికతని వయస్సు 26 సంవత్సరములు.

అతడు చేసిన కడపటి పని యేదో గమనింపుడు. అది శత్రువును చంపుట కాదు. మిత్రులను విడుదల చేయుట. తమ మాట తప్పితిమను బాధ వారికి లేకుండ, ఆ మాట కట్టును తానే తెంచెను. మరణానంతరము విక్టోరియా క్రాసు పతకము నతనికిచ్చిరి. ఫిజీవారిలో దానిని పొందినవాడతడొక్కడే. అతని సమాధి పాపువా న్యూగినీలోని రబౌలు చెంత, బీటా పాకా శ్మశానవాటికలో నున్నది.

ఆ యుద్ధకాలమును గూర్చి తలంచునపుడు మన వారికొక నొప్పి కలదు. మనవారిలో పెక్కురు సైన్యమున చేరలేదు. తెల్ల సిపాయికిచ్చు జీతమే తమకును కావలెనని యడుగగా దొరతనమువారు సమ్మతింపలేదు. 1943లో చెఱకు ధరకై సమ్మెయు జరిగెను. అందుచే మనలను నిందించినవారుండిరి. సమాన జీతమడుగుట న్యాయమే. అందుకు తలవంచుకొన బనిలేదు. కాని ఆ తగవు దొరతనముతోనే గాని, మావరకలో కూలిన యా పిల్లవానితో కాదు. తగవు తలంపునకు వచ్చి అతని పేరు మఱచినచో నష్టము మనదే.

పరదీవిలోని సమాధి యననేమో మనకు తెలియును. 1903 మొదలు మద్రాసు రేవునుండి గిర్మిట్‌పై వచ్చిన మన పెద్దలలో నెందఱో పుట్టినయూరు మరల చూడక యీ చెఱకు తోటలలోనే కన్నుమూసిరి. వారి సమాధి చెంత నిలువ వారి తల్లులకు వీలు కాలేదు. యదాత దీవికిని రబౌలుకును నడుమ నున్నదియు నట్టి సముద్రమే. ఇది తెలిసిన మనము పొరుగువాని దుఃఖమును పరుల దుఃఖమని యెట్లందుము?

కావున నొక చిన్న మనవి. ఆనాడు సాయంకాలము దీపము పెట్టిన పిదప బిడ్డలను కూర్చుండబెట్టి యీ కథ చెప్పుడు. పొరుగున నున్న ఫిజీ కుటుంబములో యుద్ధమునకు పోయి తిరిగిరానివారున్నచో వారి పేరడిగి తెలిసికొనుడు. ఆ పేరు మన బిడ్డల నోటను పలుకవలెను.