క్లారినెట్ కొనే ముందు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు చదువు గురించో క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాను. అవి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మా నాన్న పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తారు. నేను హాస్టల్లో ఉన్నప్పుడు బ్యాండు మేళం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం ఐదారుగురం ఉండేవాళ్లం. ఇప్పుడూ ఉండే ఉంటారు. ఈ నాలుగు మాటలు వారి కోసం.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న బ్యాండు ఓనరు దగ్గర 9 వేలు అడ్వాన్సు తీసుకుని ఒక పాత చెక్క క్లారినెట్ కొన్నారు. నల్లగా నిగనిగలాడేది. బెల్ మీద విదేశీ కంపెనీ పేరు చెక్కి ఉంది. మాఘమాసం ముహూర్తాల్లో మూడో పెళ్లికే సరిగా పలకడం మానేసింది. రిపేరు చేసే ఆయన తడిగుడ్డతో రుద్దితే రంగు ఊడి, పై జాయింటులో బెత్తెడు పగులు బయటపడింది. దాన్ని లక్కతో పూడ్చి అమ్మారు. నేను వేసవి సెలవులకు ఇంటికి వెళ్లేసరికి కూడా ఆ అడ్వాన్సు తీరలేదు.

కాబట్టి మొదట చూడవలసింది పేరూ కాదు, మెరుపూ కాదు, గాలి. క్లారినెట్‌లో గాలి ఎక్కడా కారకూడదు. పై జాయింటు విడదీసి, ఎడమచేతి వేళ్లతో రంధ్రాలన్నీ మూసి, కుడి అరచేతితో కింది చివర మూసి, పైనుంచి గాలి పీల్చండి. నాలుకకో పెదవికో గొట్టం అతుక్కుని కొన్ని సెకన్లు అలాగే నిలవాలి. వెంటనే వదిలేస్తే ప్యాడ్లు పోయాయి, లేదా ఎక్కడో పగులుంది. ప్యాడ్లు మార్చుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు. పగులు సంగతి వేరు. ఊదేవాడి వేడి, తడి ముందు తగిలేది పై జాయింటుకే గనుక అక్కడే ఎక్కువగా పగులుతుంది. ఎండలో ఏటవాలుగా పట్టుకుని చూడండి, గోటితో గీసి చూడండి. చెక్క చారకు గోరు తగలదు, పగులుకు తగులుతుంది.

రెండోది శ్రుతి. ఇక్కడ ఇంటర్ ఫిజిక్స్ పనికొస్తుంది తమ్ముళ్లూ! ఒక చివర మూసిన గొట్టంలో బేసి అనుస్వరాలే వస్తాయని చదువుతాం కదా, క్లారినెట్ అచ్చంగా అదే. వేణువులో గట్టిగా ఊదితే సా నుంచి పై సాకు వెళుతుంది. క్లారినెట్‌లో ఎడమ బొటనవేలి దగ్గరి కీ నొక్కితే సా నుంచి పై స్థాయి పాకు ఎగురుతుంది, అంటే మూడో అనుస్వరానికి. కొనేటప్పుడు కింది స్వరాలు ఒక్కొక్కటీ పట్టి ఆ కీ నొక్కండి. సెల్‌ఫోన్ ట్యూనర్‌లో ఆ పా సరిగా ఉందో లేదో చూడండి. కాస్త తేడా ఉంటే పెదవితో సర్దుకోవచ్చు. ఎక్కువ ఉంటే మాత్రం వదిలేయండి. రంధ్రాలు తప్పు చోట వేసిన క్లారినెట్‌ను ఎవరూ బాగుచేయలేరు.

పాత సరుకులో హెచ్.పి. అనే ముద్ర కనిపిస్తే ఎంత చవకైనా కొనవద్దు. అది పాత బ్రిటిష్ బ్యాండ్ల హై పిచ్. ఇప్పటి 440కి బదులు సుమారు 452 మీద చేసింది. కీబోర్డుతో కలవదు.

కీలు జర్మన్ సిల్వరైతే వంగినా సరిచేయవచ్చు. చవక పోత లోహమైతే విరుగుతాయి, అతుకు నిలవదు. కీ పట్టుకుని పక్కకు కదిపి చూస్తే ఎంత వదులో తెలుస్తుంది.

చెక్కా, ప్లాస్టిక్కా? కచేరీకి ఆఫ్రికా నల్లచెక్కకు సాటి లేదు. నీళ్లలో మునిగేంత బరువైన చెక్క అది. కానీ మే నెల ఎండలో ఊరేగింపు వెంట నడిచే మనవాళ్లకు మంచి ఏబీఎస్ ప్లాస్టిక్కే మేలని నా అభిప్రాయం. ఎండకూ వానకూ పగలదు. నాన్న ఇప్పటికీ ఒప్పుకోరు, చెక్క నాదమే వేరంటారు.

దుకాణానికి వెళ్లేటప్పుడు మీ మౌత్‌పీసు, వాడుతున్న రీడు వెంట తీసుకెళ్లండి. వాళ్లిచ్చే మౌత్‌పీసుతో ఊదితే తప్పు దానిదో క్లారినెట్‌దో తేలదు. పోయిన ఏడు నేనూ నాన్నా అలాగే వెళ్లాం. మూడు చూశాం. మొదటిది గాలి నిలపలేదు. రెండోదాన్ని నేను ట్యూనర్ చూసేలోపే నాన్న వద్దన్నారు. మూడోది తెచ్చుకున్నాం, ప్లాస్టిక్‌ది. దసరా సెలవుల్లో నేను ఊళ్లోనే ఉంటాను. ఎవరైనా కొనబోతుంటే ముందే కబురు చేయండి, తోడు వస్తాను.