పిల్లల దొంగలు వచ్చిండ్రా?

బోథ్ అంగడిలో తూకం చూడకుండా ఎవరూ ఉల్లిగడ్డ కొనరు. ఫోన్‌లో వచ్చిన మాటను మాత్రం చూడకుండానే నమ్ముతారు.

2018 ఎండాకాలంలో "పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్లు వచ్చిండ్రు" అని వాట్సాప్‌లో పుకారు పుట్టింది. కొత్తగా కనిపించిన అమాయకులను తెలంగాణలో కొట్టి చంపారు. గద్వాల జిల్లాలో ఆరుబయట పడుకునే జనం తలుపులు వేసుకున్నారు. ఒక కానిస్టేబుల్ అది గమనించాడు. ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపారు. డప్పు కొట్టించి, పాటలు పాడించి నిజం చెప్పించారు.

జనం పుకారును ఎందుకు నమ్ముతారు? తెలుసుకోవాలంటే పరిశోధన చేయాలి. దానికి పైసలు కావాలి. ఆ ఏడే వాట్సాప్ కంపెనీ 20 పరిశోధన బృందాలకు తలా 50 వేల డాలర్లు ప్రకటించింది. పుకారు పాకింది దాని దారిలోనే గదా!

చాలా చేతులు మారిన కబురు మీద ఇప్పుడు రెండు బాణాల గుర్తు కనిపిస్తుంది. మొదట రాసిందెవరో పంపినవాళ్లకే తెలియకపోవచ్చు.