నాలుగో ఉపగ్రహం ఎందుకు?

నార్కట్‌పల్లి దగ్గర హైదరాబాద్–విజయవాడ హైవే నుంచి అద్దంకి రోడ్డు చీలుతుంది. నల్లగొండ, మిర్యాలగూడ వెళ్లే కొత్త డ్రైవర్లు ఆ మలుపు కోసం ఫోన్ చూసుకుంటారు. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. ఫోన్ ఒక్క సెకను తడబడినా మలుపు దాటిపోవచ్చు.

ఫోన్‌కు మన స్థానం తెలిసేందుకు ఉపగ్రహం మనల్ని పైనుంచి చూస్తుందని చాలామంది అనుకుంటారు. చూడదు. తన గడియారంలో టైమెంత, తానెక్కడుంది అన్నది చెప్పుకుంటూ పోతుంది, ఫోన్ రేడియోలా వింటుందంతే. అమెరికా జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కి.మీ. ఎత్తున తిరుగుతాయి. సరిగ్గా నడినెత్తిన ఉన్నదాని సంకేతం సెకనుకు దాదాపు 3 లక్షల కి.మీ. వేగంతో దిగివచ్చినా 67 మిల్లీసెకన్లు పడుతుంది. ఈలోపు మన కారు మీటరున్నర కదులుతుంది, ఉపగ్రహమేమో 260 మీటర్లు.

అంటే ఫోన్ కొలిచేది సమయాన్ని. దూరం దాన్నుంచి తీసిన లెక్క. చిక్కంతా ఇక్కడే. సెకనులో వెయ్యో వంతు తప్పితే తేడా 300 కి.మీ., హైదరాబాద్ నుంచి విజయవాడ దాటేంత! ఉపగ్రహంలో అణు గడియారం ఉంటుంది, ఫోన్‌లో ఉండేది చవక క్వార్ట్జ్. కాబట్టి మూడు ఉపగ్రహాల దూరాలు చాలవు. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, వీటికితోడు ఫోన్ గడియారంలోని తప్పు: తెలియనివి నాలుగు, ఉపగ్రహాలూ నాలుగు కావాలి. తన గడియారాన్ని నమ్మకుండా, ఆ తప్పును కూడా లెక్కలోంచే రాబట్టుకోవడం ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చిన తెలివి.

పైనున్న గడియారాలూ ఐన్‌స్టీన్ సాపేక్షతను తప్పించుకోలేవు. వేగం వల్ల రోజుకు 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి, గురుత్వం తగ్గడం వల్ల 45 ముందుకు పోతాయి. మిగిలే 38ని ప్రయోగానికి ముందే సరిచేసి పంపుతారు.

ఇంతా చేసి, ఆరుబయట మామూలు ఫోన్ తప్పు 5 మీటర్ల దాకా ఉంటుంది. చీలిక మొదట్లో రెండు రోడ్ల మధ్య అంత ఎడమే ఉండదు.

జీపీఎస్‌లాంటి మన సొంత వ్యవస్థ నావిక్ కథ కూడా గడియారాల కథే. ఏడు ఉపగ్రహాలు, అన్నీ సుమారు 36,000 కి.మీ. ఎత్తున, మన వైపు ఆకాశంలోనే ఉండేలా వేసిన పథకం అది. 83 డిగ్రీల రేఖాంశం దగ్గర ఉంచినది నార్కట్‌పల్లి నుంచి దక్షిణంగా 70 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మొదటి ఉపగ్రహంలో విదేశీ రుబీడియం గడియారాలు మూడూ చెడిపోయాయి. దాని బదులు 2017లో పంపినది ఉష్ణకవచం ఊడక రాకెట్‌లోనే చిక్కుకుపోయింది. స్వదేశీ అణు గడియారం 2023 మేలో ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో పైకెళ్లింది. 2025 జనవరిలో వెళ్లిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేదు.

2025 జులైలో కేంద్రం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం, కక్ష్యలోకి పంపిన 11లో అప్పటికి స్థానం చెప్పే పనిలో ఉన్నవి 4. కావలసినవీ నాలుగే. అందులో ఒక్కటి ఆగినా, నావిక్ చిప్ ఉన్న ఫోన్ సైతం జీపీఎస్‌నో రష్యా గ్లోనాస్‌నో ఆసరా చేసుకోవాల్సిందే.