మాసిడోనియా: రాజులు కట్టిన నగరాలు

గ్రీసు ఉత్తర భాగాన, ఒలింపస్ పర్వతానికి ఆవల విస్తరించిన ప్రాచీన మాసిడోనియా పాలనలో ఏథెన్సు, కొరింథు వంటి నగర రాజ్యాలకు భిన్నమైనది. ఒక పట్టణమూ దాని చుట్టుపక్కల పల్లెలూ కలిసి తమను తామే పాలించుకొనే వ్యవస్థను నగర రాజ్యమంటారు. మాసిడోనియాలో అధికారం హెరాక్లీస్ అనే పురాణ వీరుని సంతతిగా చెప్పుకొన్న ఆర్గియడ్ వంశపు రాజులది కాగా, వారి అవసరాలను బట్టే అక్కడ నగరాలు వెలిశాయి, కొత్త పేర్లు పొందాయి, కొన్ని నేలమట్టమయ్యాయి.

వీరి తొలి రాజధాని ఐగై నేటి వెర్గినా గ్రామం వద్ద ఉండేది. రాజధాని వేరొక చోటికి తరలిన తరువాత కూడా రాజుల ఖననానికి ఇదే పవిత్ర స్థలంగా కొనసాగింది. 1977లో గ్రీకు పురావస్తు శాస్త్రవేత్త మనోలిస్ ఆండ్రోనికోస్ ఇక్కడి పెద్ద మట్టిదిబ్బ కింద దొంగల చేతికి చిక్కని రాజసమాధిని వెలికితీయగా, అందులో 16 కిరణాల నక్షత్రం చెక్కిన మూతతో ఒక బంగారు పెట్టె, దానిలో దహనానంతరం సేకరించిన అస్థికలు లభించాయి. అది రెండవ ఫిలిప్ సమాధి అని ఆయన నిర్ణయించగా, కొందరు పండితులు దానిని మరొక రాజుకు ఆపాదిస్తున్నారు.

క్రీ.పూ. 413 నుండి 399 వరకు పాలించిన ఆర్కెలాస్ బాటలు వేయించి, కోటలు కట్టించి సైన్యాన్ని బలపరిచాడు. సముద్రానికి చేరువలోని పెల్లా రాజధాని అయినది ఇతని కాలంలోనేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఏథెన్సు నాటకకర్త యూరిపిడీస్ తన చివరి రోజులను ఇతని ఆస్థానంలోనే గడిపాడు. తరువాతి శతాబ్దంలో పెల్లా సంపన్నుల ఇళ్లలో రంగురంగుల గులకరాళ్లను పేర్చి నేలపై తీర్చిన సింహపు వేట, లేడి వేట చిత్రాలు నేటికీ నిలిచి ఉన్నాయి.

క్రీ.పూ. 359లో అధికారం చేపట్టిన రెండవ ఫిలిప్ క్రెనిడీస్ అనే పట్టణాన్ని వశపరచుకొని, దానికి తన పేరిట ఫిలిప్పి అని నామకరణం చేశాడు. అక్కడి బంగారు గనులు ఏటా వెయ్యి టాలెంట్లకు మించి ఆదాయమిచ్చేవని ప్రాచీన చరిత్రకారుడు డియోడోరస్ రాశాడు. టాలెంటు అంటే సుమారు 26 కిలోల వెండి. ఆ ధనంతో పొడవైన ఈటెలు ధరించి బారులు తీరి పోరాడే కాల్బలాన్ని పోషించిన ఫిలిప్, క్రీ.పూ. 348లో ఒలింథస్ నగరాన్ని ధ్వంసం చేసి, 338లో కైరోనియా వద్ద ఏథెన్సు, థీబ్స్ సేనలను ఓడించాడు. రెండేళ్లకు ఐగై రంగస్థలంలో, కుమార్తె వివాహ వేడుకల నడుమ, సొంత అంగరక్షకుని చేతిలోనే హతుడయ్యాడు. పెల్లాలో పుట్టిన అతని కుమారుడు అలెగ్జాండర్ క్రీ.పూ. 334లో ఆసియా దండయాత్రకు బయలుదేరి మళ్లీ స్వదేశానికి తిరిగి రాలేదు.

అలెగ్జాండర్ మరణానంతరం వారసత్వ యుద్ధాలలో మాసిడోనియాను దక్కించుకొన్న కసాండర్, ఫిలిప్ కుమార్తె థెస్సలొనీకెను వివాహమాడి, క్రీ.పూ. 315 ప్రాంతంలో సముద్ర తీరాన ఆమె పేరిట థెస్సలొనీకి నగరాన్ని స్థాపించి, పరిసర పట్టణాల ప్రజలను అక్కడికి చేర్చాడు. ఆపై రాజ్యం ఆంటిగోనిడ్ వంశానికి దక్కింది. అశోకుడు తన 13వ శిలాశాసనంలో పేర్కొన్న యవన రాజులలో ఒకరు ఈ వంశపు ఆంటిగోనస్ గొనాటస్ అని చరిత్రకారులు సాధారణంగా భావిస్తారు. ఆ శాసన పాఠం కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉంది.

క్రీ.పూ. 168లో పిడ్నా యుద్ధంలో చివరి రాజు పెర్సియస్‌ను ఓడించిన రోమన్లు మాసిడోనియాను నాలుగు భాగాలుగా విడదీసి, కొద్దికాలానికే తమ సామ్రాజ్యంలో ఒక రాష్ట్రంగా కలుపుకొన్నారు. రాజవంశాన్ని నమ్ముకొన్న ఐగై క్షీణించగా, నదుల ఒండ్రు పేరుకొని సముద్రానికి దూరమైన పెల్లా నేడు శిథిలాలుగా మిగిలింది. రేవు నిలుపుకొన్న థెస్సలొనీకి మాత్రం నేడు గ్రీసులో రెండవ అతిపెద్ద నగరం.